బోర్డు మీద పేరు: అనంతపురం వాడల్లో చిన్న వ్యాపారాలకు గుర్తు గీయడం

అనంతపురం టవర్ క్లాక్ దగ్గర నిలబడి ఏ రోడ్డు పట్టుకుని నడిచినా బోర్డులు చదువుకుంటూ పోవచ్చు. రెడ్డి మెస్సు, శెట్టి కిరాణా, చౌదరి ఫర్టిలైజర్స్, బెంగళూరు అయ్యంగార్ బేకరీ. ఈ తరహా పేర్లు రాయలసీమలో ఏ టౌనుకు పోయినా ఉంటాయి. చదివేవాళ్లకు ఇందులో కులం కనిపించదు, నమ్మకం కనిపిస్తుంది. అయ్యంగార్ అన్న మాట ఉంటే బన్ను శుభ్రంగా ఉంటుందని అనుకుంటారు. ఆ బేకరీలు నడిపేవాళ్లంతా అయ్యంగార్లు కారు, ఆ పేరు ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. అయినా ఆ మాట ఊరూరా పని చేస్తోంది. కేరళలో 1987లో మొదలైన ఒక మసాలాల కంపెనీ పేరే 'బ్రాహ్మిన్స్'. 2023లో దాన్ని విప్రో వాళ్లు కొన్నారు. అంటే కులం పేరు కూడా రేటు కట్టి అమ్ముడుపోయే సరుకే, కాకపోతే కొన్ని కులాలదే.

మరి ఇదే రోడ్డు మీద మాదిగ మెస్సు, మాల బేకరీ అన్న బోర్డు ఉందా? మేమైతే చూడలేదు. తరతరాలుగా చెప్పులు కుట్టింది మాదిగలేనని లోకానికంతా తెలుసు. అయినా చెప్పుల షాపు బోర్డు మీద ఆ మాట ఉండదు.

లోగో, బ్రాండ్ అనే వాటి గురించి రాసిన పుస్తకాలు ఈ సంగతి చెప్పవు. వ్యాపారి ఒక తెల్ల కాగితం ముందు కూర్చుంటాడట, తన సరుకు గుణం ఏమిటో, కొనేవాళ్లు ఎవరో ఆలోచిస్తాడట, దానికి తగ్గ పేరు, బొమ్మ, రంగు ఎంచుకుంటాడట. వాడలో వ్యాపారం పెట్టేవాళ్ల ముందుకు తెల్ల కాగితం రాదు. అప్పటికే ఊరు దాని మీద ఏదో రాసి పెట్టి ఉంటుంది. ఆ రాతతో ఏం చేయాలన్నదే మొదటి ప్రశ్న, బొమ్మ ఆ తర్వాత.

మేము కొన్నేళ్లుగా అనంతపురం, ధర్మవరం, కళ్యాణదుర్గం వైపు వాడల్లో చిన్న వ్యాపారాలు పెట్టుకున్నవాళ్లకు బోర్డులు, కవర్లు, బిల్లు పుస్తకాలు తయారు చేసుకోవడంలో చేయి వేస్తున్నాం. (ధర్మవరం 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది, కానీ కరువు మాత్రం జిల్లాలను బట్టి మారదు.) ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది, అదీ పడితే. శెనిక్కాయ పంట పోయిన ఏడాది కూలి పోతుంది, కూలి పోతే బెంగళూరు బస్సు ఎక్కుతారు. అక్కడ నాలుగేళ్లు పని చేసి తిరిగి వచ్చినవాళ్లు ఓ టిఫిన్ బండో, కుట్టు మిషనో, సెల్లు రిపేరు కొట్టో పెట్టుకుంటున్నారు. బోర్డు అవసరం అక్కడ మొదలవుతుంది.

ఒకప్పుడు ఈ అవసరం లేదు. బావిలోంచి నీళ్లు తోడే కపిలకు తోలు బాన, దాని తొండం, ఎడ్లకు వార్లు, రైతుకు మెట్లు అన్నీ వాడలోనే తయారయ్యేవి. తంగేడు చెక్కతో లందలో తోలు ఊనేవాళ్లు, ఆరె, రంపె పట్టుకుని కుట్టేవాళ్లు. కళ్లం దగ్గర మేర కింద ఇన్ని గింజలు కొలిచేవాళ్లు. సరుకు ఎవరు చేశారో ఊరికంతా తెలుసు కాబట్టి దాని మీద పేరు ఎందుకు? కరెంటు మోటార్లు వచ్చి కపిలలు పోయాయి. బాటా లాంటి కంపెనీల చెప్పులు, ఆ తర్వాత రబ్బరు, ప్లాస్టిక్కు చెప్పులు వచ్చి మెట్లు పోయాయి. మాదిగ చేసిన వస్తువు మీద పేరు ఎన్నడూ లేదు. పేరున్న వస్తువు వచ్చేసరికి పేరు లేని వస్తువు ఎవరిదో కూడా జనం మరిచిపోయారు.

అలాగని ముద్ర అన్నది మనకు కొత్త సంగతా అంటే, కాదు. అచ్చోసిన ఆంబోతు అన్న మాట వాడని తెలుగువాడు ఉండడు. దేవుడికి వదిలిన కోడెకు ఇనుము కాల్చి అచ్చు వేసేవాళ్లు, అది ఎవరి చేలో మేసినా అడిగేవాడు లేడు. ఇంగ్లీషులో బ్రాండ్ అన్న మాటకు మూలం కూడా ఇదే, కాల్చి వేసే వాత. కానీ ఈ జిల్లాలో ఆ మాటకు ఇంకో అర్థం ఉంది. మన ఆడపిల్లలను బసివిలుగా వదిలినప్పుడు కొన్నిచోట్ల వాళ్ల భుజం మీద శంఖచక్రాల ముద్ర కాల్చి వేసేవాళ్లు. దేవదాసీలుగా అంకితం చేయడాన్ని నిషేధిస్తూ రాష్ట్రంలో చట్టం వచ్చింది 1988లో. ఆంబోతుకు వేసిన ముద్ర దానికి స్వేచ్ఛ ఇచ్చింది, బసివికి వేసిన ముద్ర ఆమెను ఊరి సొమ్ము చేసింది. ముద్ర వేసే చెయ్యి ఎవరిదన్నదే తేడా.

ప్రచారం కూడా మనకు కొత్త కాదు. ఊర్లో ఏ కబురు చాటాలన్నా తప్పెట పట్టుకుని తిరిగింది మనవాళ్లే. ఊరందరి మాటా తమ నోటితో చెప్పినవాళ్లు తమ మాట చెప్పుకోలేదు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా ఉద్యమం మొదలైనప్పుడు జరిగింది ఈ తిరగబాటే. అదే తప్పెట తమ కోసం మోగింది. తిట్టుగా వాడిన మాదిగ అన్న మాటను పేరు చివర తగిలించుకుని నిలబడ్డారు. రెడ్డి, చౌదరి, శర్మ ఉన్న చోట మాదిగ ఎందుకు ఉండగూడదు అని అడిగారు. వర్గీకరణ మీద ఎవరి అభిప్రాయం ఏదైనా కావచ్చు. పేరు విషయంలో మాత్రం తెలుగు నేల మీద ఇంతకన్నా పెద్ద పని ఏ అడ్వర్టైజింగ్ కంపెనీ చేయలేదని మా అభిప్రాయం.

అయితే సభలో పేరు చివర కులం చెప్పుకోవడం ఒకటి, సంతలో సరుకు మీద చెప్పుకోవడం ఇంకొకటి. కళ్యాణదుర్గం వైపు ఒక పెద్దాయన తోలు చెప్పులు, బెల్టులు చేస్తాడు. ఏం పేరు పెడదామని అడిగితే, "మా నాయన పేరు పెడితే అందరికీ తెలిసిపోతాది సార్" అన్నాడు. మెట్లు కుట్టేది మనమే అని తెలియనిది ఎవరికప్పా అన్నాం. "కుట్టేది మేమని తెల్సు సార్. అమ్మేది మేమంటేనే కష్టం" అన్నాడు. ఏళ్ల తరబడి మేము చదివిన పుస్తకాల్లో ఈ ఒక్క మాట దొరకలేదు.

అతను చెప్పింది తిండి విషయంలో ఇంకా కఠినంగా ఉంటుంది. హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి నడిచిన నేల ఇది. ఉగ్గాని బజ్జి బండి పెట్టిన ఒకామె దేవుడి పేరు ఒకటి ఎంచుకుని బోర్డు రాయించుకుంది. మంచిదే, బండి నడుస్తోంది. ఆమెను తప్పుపట్టే హక్కు మాకు లేదు. ఉద్యోగం చేసుకుంటూ నెల జీతం తెచ్చుకునే మాలాంటివాళ్లు, పొద్దున్నే పిండి కలుపుకునేవాళ్లకు ధైర్యం గురించి పాఠం చెప్పడం సులువు.

బాహాటంగా పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. చంద్రభాన్ ప్రసాద్ 2016లో ఢిల్లీ కేంద్రంగా 'దళిత్ ఫుడ్స్' అని పచ్చళ్లు, మసాలాలు అమ్మకానికి పెట్టాడు. మా చేతి వంట మీరు తింటారా అని దేశాన్ని అడగడమే ఆ పేరులో ఉన్న పని. ముంబైలో సుధీర్ రాజ్‌భర్ ధారావి తోలు కార్మికులతో కలిసి పాత రబ్బరుతో సంచులు చేయించి 'చమార్ స్టూడియో' అని పేరు పెట్టాడు. అవమానించే ఉద్దేశంతో ఒకరిని చమార్ అని పిలవడం నేరమని 2008లో సుప్రీంకోర్టు చెప్పిన మాట అది. అదే మాట ఇప్పుడు ఖరీదైన సంచి మీద ఉంది. కానీ ఈ రెండు సరుకులకూ కొనుగోలుదారులు పెద్ద నగరాల్లో, ఆన్‌లైన్లో ఉన్నారు. గుంతకల్లులో, రాయదుర్గంలో కొట్టు పెట్టుకున్నవాళ్లు రోజూ ఎదురింటి మనిషికే అమ్మాలి. ఢిల్లీలో నడిచిన పేరు ఇక్కడ నడుస్తుందని మేము చెప్పలేం. నడవదనీ చెప్పలేం, ఎవరూ పెట్టి చూడలేదు.

ఇక పని సంగతికి వద్దాం. ముందు పేరు. ఎవరినీ మోసం చేయని, ఎవరికీ భయపడి పెట్టని పేర్లు చాలానే ఉంటాయి. ఊరి పేరు, చెట్టు పేరు, పనిముట్టు పేరు, తల్లి పేరు. పై పెద్దాయనకు చివరికి కుదిరిన పేరు 'తంగేడు'. తోలు ఊనే చెక్క అది. పని తెలిసినవాళ్లకు ఆ పేరులో వాడ కనిపిస్తుంది, తెలియనివాళ్లకు పసుపు పచ్చని పువ్వు కనిపిస్తుంది. దీన్ని దాచుకోవడం అంటారో చెప్పుకోవడం అంటారో పాఠకులే తేల్చండి, మాలో మాకే వాదన తెగలేదు.

పేరు ఎంచేటప్పుడు అక్షరాలు కూడా చూసుకోవాలి. తెలుగు అక్షరం గుండ్రన, దాని కింద వత్తు, పైన గుడి. పెద్ద బోర్డు మీద అందంగా ఉండే మాట, కవరు మీద బొటనవేలి గోరంత చేస్తే వత్తులన్నీ మసైపోతాయి. కాబట్టి వత్తులు తక్కువున్న మాట మేలు. తంగేడులో ఒక్క వత్తు కూడా లేదు. ఇంకో చిక్కు ఫాంట్లది. మన డీటీపీ సెంటర్లలో ఎక్కువగా అను ఫాంట్లు వాడతారు. ఆ ఫైలు ఆ ఫాంటు లేని ఇంకో కంప్యూటర్లో తెరిస్తే అక్షరాలు చెల్లాచెదురవుతాయి. ఒక టైలరు బోర్డు అలాగే తప్పుగా అచ్చయి వచ్చింది, డబ్బు మళ్లీ పెట్టాల్సి వచ్చింది. డిజైను పూర్తి కాగానే అక్షరాలను గీతలుగా మార్చి ఇమ్మని అడగాలి. కోరల్‌డ్రాలో కర్వ్స్ అంటారు, అడిగితే నిమిషం పని.

తర్వాత గుర్తు. గుర్తు అన్న మాట మనకు ఎన్నికలు నేర్పాయి. 1951–52లో మొదటి సాధారణ ఎన్నికలకు చదువు రానివాళ్లు ఓటు వేయాలంటే బొమ్మ కావాలి. అంబేద్కర్ షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్‌కు వచ్చిన గుర్తు ఏనుగు. ఆ బొమ్మలను చూస్తే మంచి గుర్తు ఎలా ఉండాలో తెలుస్తుంది. ఒకే వస్తువు, నలుపు తెలుపుల్లో కూడా పోల్చుకోగలగాలి, పిల్లవాడు నేల మీద పుల్లతో గీయగలగాలి. ఈ మాట రాస్తున్న మేమే మొదట్లో తప్పు చేశాం. చెప్పుల కోసం ఆరె, రంపె, తంగేడు పువ్వు, సూర్యుడు అన్నీ కలిపి మూడు రంగుల్లో సన్న గీతలతో ఒక బొమ్మ గీసి ఇచ్చాం. కాగితం మీద ముచ్చటగా ఉంది. ఇత్తడి అచ్చు చేయించి, వేడి చేసి తోలు మీద నొక్కితే నల్లటి మచ్చ తప్ప ఏమీ మిగల్లేదు. పెద్దాయన నవ్వి, "తోలుకు అంత సన్నం పనికిరాదు సార్" అన్నాడు. ఆయన్ను ముందే అడిగి ఉంటే సరిపోయేది. రెండోసారి ఒక్క రంపె బొమ్మే, మందంగా, అర్ధచంద్రాకారంలో గీశాం. తోలు మీద, రబ్బరు స్టాంపు మీద, గోడ మీద అది ఒకేలా పడుతోంది.

రంగు దగ్గర కుర్రవాళ్లు ఆగరు. నీలం కావాలి, మధ్యలో చక్రం కావాలి. నీలం సరే, ఫెడరేషన్ జెండా కాలం నుంచి మనది. దానికి ఎండ లెక్కలో కూడా ఒక సుగుణం ఉంది. ఫ్లెక్సీ మీద ఎరుపు, పసుపు రంగులు ముందు వెలిసిపోతాయి, నీలం, నలుపు ఆగుతాయి. అనంతపురం ఎండకు ఎర్ర బోర్డు ఎంత కాలం ఎర్రగా ఉంటుందో అందరం చూశాం. చక్రం మాత్రం కుదరదు. జాతీయ జెండాలోని అశోకచక్రాన్ని ప్రభుత్వ అనుమతి లేకుండా వ్యాపారానికి వాడటాన్ని 1950 నాటి చిహ్నాలు, పేర్ల చట్టం నిషేధించింది. ఈ సంగతి చెబితే ఒక తమ్ముడు, "మనోడు పెట్టించిన చక్రం మనం పెట్టుకోకూడదా అన్నా" అని అలిగాడు. బండి చక్రం గీసుకోవచ్చు, కుమ్మరి సారె గీసుకోవచ్చు, ఇరవై నాలుగు ఆకుల చక్రం కాదు. ఇంకొకటి, ఎన్ని రంగులు వేస్తే స్క్రీన్ ప్రింటింగ్‌కు అన్ని స్క్రీన్లు కావాలి, ఖర్చూ అంతే పెరుగుతుంది. ఒక్క రంగులో నిలబడని గుర్తు మనకు గిట్టుబాటు కాదు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది, మనవాళ్లు పట్టించుకోనిది, కాగితం. గీసిన గుర్తు ఎవరి సొంతం? డబ్బులిచ్చాం కాబట్టి మాదే అనుకుంటారు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం లోగో లాంటి బొమ్మకు మామూలుగా మొదటి యజమాని గీసినవాడే. హక్కు మనకు మారాలంటే రాతపూర్వకంగా, సంతకంతో రాయించుకోవాలి. అందులో ఎంత కాలానికో రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లకే అని లెక్కిస్తుంది. కాబట్టి 'కాపీరైట్ గడువు పూర్తయ్యేవరకు' అని రాయించుకోండి. ఒక్క తెల్ల కాగితం చాలు.

ఆ పైన ట్రేడ్ మార్క్. 1999 చట్టం 2003 సెప్టెంబరు 15 నుంచి అమలులోకి వచ్చింది. మన రాష్ట్రం చెన్నై కార్యాలయం కిందికి వస్తుంది, దరఖాస్తు ఆన్‌లైన్లో వేయొచ్చు. 2017 నిబంధనల్లో వ్యక్తులకు, చిన్న పరిశ్రమలకు ఆన్‌లైన్ ఫీజు ఒక తరగతికి 4,500 రూపాయలు, మిగతావాళ్లకు 9,000గా పెట్టారు. సరుకులు, సేవలు కలిపి 45 తరగతులు. చెప్పులు 25, తోలు సంచులు 18, చిక్కి 30, వేయించిన శెనిక్కాయలు 29. ఒకే ఇంట్లో, ఒకే శెనిక్కాయతో చేసినా చిక్కికి ఒక ఫీజు, పప్పుకు ఇంకో ఫీజు. తెలుగు పేరుకు ఇంగ్లీషు అక్షరాల్లో ఉచ్చారణ, అర్థం కూడా ఇవ్వాలి. రిజిస్ట్రేషన్ 10 ఏళ్లు ఉంటుంది, మళ్లీ పొడిగించుకోవచ్చు. అది అయ్యేదాకా పేరు పక్కన టీఎం అని వేసుకోవచ్చు గానీ వృత్తంలో ఆర్ అక్షరం వేస్తే నేరం. ఫీజు కట్టే స్తోమత లేనివాళ్లు కూడా ఒక పని చేయాలి. గుర్తు అచ్చయిన బిల్లులు, తేదీలతో సహా మొదటి రోజు నుంచీ దాచుకోవాలి. రేపు ఎవరైనా అదే పేరు పెట్టుకుంటే, ముందు నుంచి వాడుతున్నామని చూపేది అవే.

ఇదంతా ఎందుకంటారా? కొల్హాపురి చెప్పులకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అవి కుట్టేవాళ్లలో ఎక్కువమంది మహారాష్ట్ర, కర్ణాటక దళితులు. 2025 జూన్‌లో ఇటలీ కంపెనీ ప్రాదా మిలాన్ ప్రదర్శనలో అచ్చం అలాంటి చెప్పులే చూపించింది, వాటి పుట్టుక ఎక్కడో చెప్పలేదు. గొడవ అయ్యాకే ఒప్పుకుంది. భౌగోళిక గుర్తింపు ప్రాంతం పేరును కాపాడుతుంది, కుట్టిన మనిషి పేరు చెప్పదు. మన ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలకు కూడా రాష్ట్రం పేరు మీద ఆ గుర్తింపు ఉంది. వాళ్లు మన కులాలవాళ్లు కారు గానీ తోలుతో బతికేవాళ్లే. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది, ఆయన పేరు దేశానికి తెలిసింది. మిగతా ఇళ్లలో తయారయ్యే దీపపు గూళ్ల మీద ఎవరి పేరుంది అని అడిగితే మళ్లీ మన ప్రశ్న దగ్గరికే వస్తాం.

చిత్రం ఏమిటంటే ప్రభుత్వ కాగితం కులం చెప్పమంటుంది. 2012 నాటి కొనుగోలు విధానం ప్రకారం కేంద్ర శాఖలు, సంస్థలు తమ కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమల నుంచి కొనాలి. అక్కడ సర్టిఫికెట్ చూపిస్తేనే గుర్తింపు. అదే మనిషి సాయంత్రం బజారుకొచ్చి అదే సంగతి మడిచి జేబులో పెట్టుకోవాలి.

ఈ మడతే ధర్మవరం వైపు ఒక అక్క దగ్గర విప్పలేకపోయాం. ఆమె ఎస్సీ కాలనీలో ఇంట్లోనే నువ్వులుండలు, శెనిక్కాయ చిక్కి చేస్తుంది. కవరుకు పేరు కుదిరింది, శెనిక్కాయ బొమ్మ కుదిరింది, ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క వేశాం, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్ల 14 అంకెల నంబరు వేశాం. చివర తయారుచేసినవాళ్ల పేరు, పూర్తి చిరునామా వేయాలి, ప్యాకెట్ సరుకులకు అది చట్టం. ఆమె డిజైను చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "ముందర బొమ్మ ఎంత బాగుంటే ఏం లాభమన్నా, ఎనక అడ్రస్ సదివితే సాలు గదా" అంది.

మేము ఇంతవరకు పేరు గురించే తర్జనభర్జన పడుతున్నాం. ఊరు మాత్రం కులాన్ని చిరునామాలో పెట్టి పోయింది. అంబేద్కర్ నగర్, ఎస్సీ కాలనీ, అరుంధతి నగర్, ఈ మూడింటిలో ఏది రాసినా చదివేవాడికి ఒకటే తెలుస్తుంది. ఆమె తమ్ముడు టౌనులో తెలిసినవాళ్ల ఇంటి అడ్రసు వేద్దామన్నాడు. తయారీ అక్కడ జరగనప్పుడు అది తప్పుడు ప్రకటన అవుతుంది, తనిఖీలో దొరికితే శిక్ష ఆమెకే. టౌనులో చిన్న గది అద్దెకు తీసుకుని అక్కడే చేయడం ఒక దారి, కానీ ఆ అద్దె చిక్కి మీద రాదు. పైగా గది అడగబోతే ఇంటివాళ్లు మొదట అడిగేది మీరేమిట్లు అనే.

కాలనీ పేరు అక్షరాలు చిన్నవి చేయమంటుందేమో అనుకున్నాం, దానికీ నిబంధన ఉంది, మరీ చిన్నవి కుదరదు అని చెప్పడానికి సిద్ధపడ్డాం. ఆమె అది అడగలేదు. మొదటి విడతకు 500 కవర్లు ఉన్నది ఉన్నట్టుగా వేయమంది. అవి కదిరి సంతకు, ధర్మవరం బస్టాండు దగ్గరి రెండు కొట్లకు పోయాయి. ఒక కొట్టువాడు రెండోసారి తీసుకోలేదు, కారణం చెప్పలేదు. ఇంకొకడు ఇంకో వంద అడిగాడు. రెండో విడతకు అడ్రస్ ఎలా ఉండాలో, అసలు ముందువైపే వేయాలా అని ఆమె ఆలోచిస్తోంది. కవర్లు అచ్చుకు పోయేలోపల చెబుతానంది.